చార్మినార్ దగ్గర బోణీ

అనకాపల్లి బెల్లం మార్కెట్లో మా నాన్న భీమశంకరరావుని ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళకంటే చెయ్యి చూసి గుర్తుపట్టేవాళ్ళే ఎక్కువ. దూరాన ఉన్న వ్యాపారులకి బెల్లం దిమ్మ ఫోటో పంపేటప్పుడు, దిమ్మ పక్కన తన అరచెయ్యి చాపి పెట్టందే ఆయన ఫోటో తీయనివ్వడు. పక్కన చెయ్యి ఉంటేనే దిమ్మ ఎంతుందో, రంగు ఎలా ఉందో కొనేవాడికి తెలుస్తుందని ఆయన నమ్మకం. ఆ చేతిని వెంటబెట్టుకుని నేను హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది.

అక్కడ ఒక ఫోటోగ్రఫీ కాలేజీ ఉంది. సీటు కావాలంటే ఒక్క రోజులో ఆ ఊళ్ళో పేరున్న కట్టడాలు ఫోటోలు తీసి, సాయంత్రం వాళ్ళకే స్వయంగా చూపించాలి. నాకు ఆ సీటు తప్ప లోకంలో ఇంకేదీ అక్కర్లేదు. నాన్నకేమో నా డిగ్రీ అయిపోయింది గనక ఇక కొట్టు నాకు అప్పగించాలని ఆశ. అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరగా పోరగా చివరికి ఒక మాట ఇచ్చాడు.

"ఆళ్ళు తీసుకుంటే పంపుతాను. తీసుకోకపోతే మరి ఫోటోల మాట ఎత్తకుండా కొట్లో కూకోవాల. నేనూ వత్తాను. ఒక్కదాన్నే పంపను."

పొద్దున్నే సికింద్రాబాదులో దిగాం. లాడ్జి దండగన్నాడు. స్టేషన్లోనే మొహం కడుక్కుని, రైల్లో నలిగిన చొక్కాతో, మాసిన గడ్డంతో, భుజాన తువ్వాలుతో బయల్దేరాడు.

మొదట బిర్లా మందిరం. నేను కెమెరా ఎత్తి, ఊపిరి బిగబట్టి, అంతా సరిచూసుకుని నొక్కబోయేసరికి పక్కనుంచి ఒక అరచెయ్యి వచ్చింది.

"నాన్నా, చెయ్యి తియ్యి."

"సెయ్యి లేకపోతే గుడి ఎంతుందో సూసేవోడికి ఎలా తెలుత్తాది?"

"గుడి గుడంత ఉంటాది నాన్నా."

"ఎదర నిలబడ్డావు కాబట్టి నీకు తెలుసు. ఆడికి తెలవద్దా?"

అసెంబ్లీ దగ్గరా అంతే. హుస్సేన్‌సాగర్ గట్టు మీద బుద్ధుడి పక్కన చెయ్యి చాపితే, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చి, "అంకుల్, బుద్ధుణ్ణి అరచేతిలో పట్టుకున్నట్టు తీస్తున్నారు కదా, మాకూ నేర్పండి" అని అడిగారు. నాన్న వాళ్ళకి తెల్ల బెల్లానికీ ఎర్ర బెల్లానికీ తేడా చెప్పడం మొదలుపెట్టాడు. పాపం, ఇద్దరూ మర్యాద తెలిసినవాళ్ళు, అంతా విన్నారు. వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయి బెల్లం రేటు కూడా అడిగాడు. ఆ సందులో నేను చెయ్యి లేని బుద్ధుణ్ణి తీసేశాను.

చార్మినార్ చేరేసరికి ఎండ ముదిరింది, నా కోపం అంతకంటే ముదిరింది. దూరంగా జరగమని గట్టిగానే అరిచాను. జరిగాడు. జరిగి, అక్కణ్ణుంచే చెయ్యి ఇంకాస్త బారుగా చాపాడు. ఆ జనం మధ్య, నలిగిన చొక్కాతో, అరచెయ్యి ఆకాశానికి తెరిచి నిలబడ్డాడు. ఎవరో పెద్దావిడ చేతిసంచీతో అటుగా పోతూ ఆగింది. నాన్నని కింద నుంచి పైదాకా చూసింది. సంచీలో వెతికి, ఒక రూపాయి బిళ్ళ తీసి ఆ చేతిలో వేసింది.

తర్వాత జరిగింది నాన్న తప్పు కాదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి కొట్లో కూర్చున్న మనిషి. ఆ రోజుకి చేతిలో పడ్డ మొదటి డబ్బుని ఏం చేయాలో ఆ చేతికి ఒకరు చెప్పక్కర్లేదు. బోణీ సొమ్మని బిళ్ళని రెండు కళ్ళకీ భక్తిగా అద్దుకున్నాడు. నేను టక్కున నొక్కేశాను.

కళ్ళు తెరిచాక గానీ ఆయనకి సంగతి బోధపడలేదు. ఆవిడ వెనకాలే పరుగెత్తాడు.

"అమ్మా, నేను షావుకార్నమ్మా. బెల్లం వేపారం. పెద్ద కొట్టమ్మా మాది."

ఆవిడకి తెలుగు రాలేదో, వచ్చినా నమ్మబుద్ధి కాలేదో, మరింత జాలిపడి నాన్న తల నిమిరి వెళ్ళిపోయింది. నేను నవ్వలేక అక్కడే చతికిలబడ్డాను. నాన్న ముఖం కందగడ్డలా అయిపోయింది.

"ముందు ఆ ఫోటో తీసీ. మార్కెట్లో ఎవుడైనా సూసేడంటే మరి నేను కొట్టు తెరవలేను. తీసేసేవా?"

"తీసేసేను నాన్నా" అన్నాను. తీసెయ్యలేదు.

ఆ తర్వాత ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. చార్మినారూ, తర్వాత గోల్కొండ కోటా నాకు హాయిగా, ఏ అడ్డూ లేకుండా దొరికాయి. సీటు వచ్చేసినట్టే అనుకుని, బస్సులో కెమెరా చాటుగా తెరిచి ఆ ఒక్క ఫోటో చూసుకుంటూ కాలేజీకి వెళ్ళాను. నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కాలేజీలో ఫోటోలు చూసే ఆవిడ పేరు కుమారి మేడమ్. నాన్నని గోడవార కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరాలో నేను ఏరి వేరుగా పెట్టిన ఫోటోలు చకచకా తిప్పేసింది.

"శుభ్రంగా తీశావమ్మా. కానీ ఇలాంటివి నేను రోజూ చూస్తాను. ఈ చార్మినార్ నువ్వు తీసినా, ఇంకెవరు తీసినా ఇలాగే ఉంటుంది. ఇవి కాక ఇంకేమైనా ఉన్నాయా?"

ఉంది. కానీ తీసేశానని నాన్నతో చెప్పాను. నాన్న అక్కడే ఉన్నాడు.

"లేవు మేడమ్."

"అయితే వచ్చే ఏడాది ప్రయత్నించు" అని కెమెరా తిరిగి ఇచ్చేసింది.

నాన్న వైపు చూశాను, కోపంగానే చూశాను. ఆయన అనుకున్నదే అయింది. లేచి తువ్వాలు దులుపుకుని "పద" అంటే చాలు, రేపట్నుంచి నేను కొట్లో ఉంటాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒకటుందండి. తీసెయ్యమంటే తియ్యలేదు. బస్సులో సూసుకుని నవ్వుకుంటంటే కిటికీ అద్దంలో కనపడింది. దేవీ, మేడమ్‌గారికి సూపించు."

"వద్దులే నాన్నా."

"నాదే కదేటి పరువు. సూపించు."

చూపించాను. వెనక చార్మినార్, ముందు కళ్ళకి బిళ్ళ అద్దుకుంటున్న మా నాన్న, పక్కన సంచీ మూసుకుంటూ పెద్దావిడ. మేడమ్ ఫోటో చూసింది, నాన్నని చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. ఏం జరిగిందని అడిగింది. నేను చెబుతుంటే నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాన్న ఆ ఫోటోతో తనకేమీ సంబంధం లేనట్టు పైన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ముందే ఎందుకు చూపించలేదమ్మా" అంది మేడమ్. "జూన్లో వచ్చి చేరు."

సంతోషం, సిగ్గు, నాన్న మీద ప్రేమ అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చి నేను ఏడ్చేశాను. నాన్న లేచి మేడమ్ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒక మాటండి. సరుకు సూసుకునే తీసుకున్నారు. రేపు బాగోలేదని ఎనక్కి పంపకూడదు."

"నేను సరుకునేటి నాన్నా."

"నువ్వూరుకో."

"పంపం లెండి" అంది మేడమ్ నవ్వుతూ.

సరేనని తలూపి గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని వెనక్కి వచ్చాడు.

"అమ్మిన సరుకు ఎనక్కి తీసుకునే అలవాటు మా కొట్లో లేదండి, మా తాతల కాడ్నించీ లేదు" అన్నాడు. "ఇది మాత్రం ఎప్పుడొత్తానన్నా సరే, కారణం అడక్కుండా తీసుకుంటాం. ఒక్క ఫోన్ సెయ్యండి, నేనే వచ్చి తీసుకెల్తాను."