పది తీగలు

శుక్రవారం నుంచి నా భార్య త్రిపురసుందరి మంచానికి మూరెడు ఎత్తున, గాలిలో పడుకుని ఉంది. ఆమెను మోస్తున్నది నా రామజపం. ఆపితే పడిపోతుందని ఆపడం లేదు. మాట్లాడేటప్పుడు కూడా అది గొంతు అడుగున నడుస్తూనే ఉంటుంది.

ఇవాళ సాయంత్రంలోగా ఆమె గుండె కాగితం మీద కనిపించాలి. లేకపోతే డాక్టరు ఆమె పేరు బతికున్నవాళ్ల జాబితాలోంచి కొట్టేస్తాడు. అందుకే ఈసీజీ తీసే కెజియా పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

కెజియా చల్లని జెల్లీ రాసి, పెట్టెలోంచి వచ్చే తీగల కొసలకున్న నాలుగు క్లిప్పులు చేతులకూ కాళ్లకూ, ఆరు రబ్బరు బుడ్లు ఛాతీ మీద పెడుతుంది. పాదాల పసుపు తుడిచేటప్పుడు, "ఏమనుకోకండమ్మా" అంటుంది.

కాగితం బయటికి వస్తుంది. దాన్ని వెలుతురులో పట్టి చూస్తుంది.

"బాబుగారూ, ఇది అమ్మగారి గుండె కాదండి, మీ జపమండి. ఇదిగోండి, 'రా' దగ్గర లేస్తోంది, 'మ' దగ్గర పడుతోంది."

"మా ఆవిడ మాట్లాడుతోంది కదమ్మా, బతికున్నట్టు కాదా?"

"మాటలదేవుందండీ, ఎవరైనా మాట్లాడతారు. గీత పడాలి. పది సెకన్లు ఆపండి, చాలు."

మోస్తున్నది దేవుడా, నేనా అని ఇన్ని రోజుల్లో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. జవాబు వినాలన్నా నోరు మూసుకోవాలి కదా.

త్రిపుర నా వైపు తల తిప్పుతుంది.

"ముప్పై ఏళ్లూ కూర మీకు నచ్చిందే వండాను. గుండె కూడా మీరే కొట్టాలా ఏంటండీ? ఆపండి. నాదంటూ ఉందో లేదో చూసుకోనివ్వండి."

"లేకపోతే?"

"లేకపోతే లేదు. ఉంటే మాత్రం, ఇన్నాళ్లూ మీరు నన్ను విననివ్వలేదన్నమాటే."

నేను ఆమె కింద చేతులు చాచి పెడతాను.

"అవి కూడా తియ్యండి."

తీస్తాను. పెదవులు మూస్తాను. గొంతు అడుగున కూడా ఆగుతుంది.

ఆమె పడదు. ఆమె కింద మంచమే కిందికి దిగుతుంది. దాని వెనకే గచ్చు, గోడలు, స్టూలు మీద కెజియా, నేను, అందరం మెల్లగా దిగుతాం. పైకప్పు ఆమెను నీళ్లలా దాటుకుని కిందికి వస్తుంది. బయట వీధి దిగుతోంది. సైకిలు మీద పోస్టుమాను టోపీ సర్దుకుంటున్నాడు.

తీగలు సాగి, సాగి, బిగుసుకుంటాయి. దిగడం ఆగుతుంది.

కెజియా ఒళ్లో పెట్టె కొత్త గీత గీయడం మొదలుపెడుతుంది. తొందర లేని గీత.

"ఇది అమ్మగారిదేనండి" అంటుంది.

పైన, గాలిపటమంత చిన్నగా కనిపిస్తున్న త్రిపుర పక్కకు ఒత్తిగిలుతుంది. ఆ పది తీగలకు వేలాడుతూ ఊరంతా ఒక్కసారి ఊగుతుంది.