అత్తగారి బీట్‌రూట్ రసం

శిరీష పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందని తెలిసిన రోజున ఆమె అత్తగారు ముత్యాలు, తింటున్న అన్నం కంచంలో వదిలేసి లేచిపోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు. ఆ ఉలిపికట్టె తన ఇంటికే కోడలై వచ్చిందని ఆవిడ బాధ. మొగుడు కువైట్‌లో ఉండగా ఇల్లాలు కాలవగట్టు మీద పరుగులు తీస్తోందంటే ఆ మాట కొత్తపేట దాకా పాకడానికి పూట పట్టదు.

శిరీష ఆలోచన వేరు. కువైట్‌లో హేమంత్ అగ్రిమెంటు రెండు వేల తొమ్మిది డిసెంబరుతో అయిపోతుంది. ఈలోగా ఇంట్లో ఒక జీతం మొదలైతే అతను మళ్ళీ రెండేళ్ళకు సంతకం పెట్టక్కర్లేదు, వచ్చెయ్యొచ్చు. పెళ్ళయిన మూడేళ్ళలో ఇద్దరూ కలిసి ఉన్నది నాలుగు నెలలు. డిగ్రీ చదివిన పిల్ల కాబట్టి రాత పరీక్షంటే భయం లేదు. దానికన్నా ముందు రెండున్నర కిలోమీటర్లు పదహారు నిమిషాల్లో పరిగెత్తాలి. అక్కడే ఉంది చిక్కంతా. మొదటి రోజు గట్టు మీద స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డ డ్రిల్లు మాస్టారు దేవసహాయంగారు పంతొమ్మిది నిమిషాలు దాటిందని చెప్పి, "నడిచేవాళ్ళకంటే నయమేనమ్మా" అని ఓదార్చారు.

ముత్యాలు మనసు మార్చింది కొడుకు ఫోను. హేమంత్ పనిచేసేది ఒక ఆటల క్లబ్బులో, మైదానం గడ్డికి నీళ్ళు పెట్టే పని. అక్కడ దూరపు పరుగులు తీసేవాళ్ళు బీట్‌రూట్ రసం తాగడం చూశాడట.

"రోజూ అర లీటరమ్మా. ఆయాసం తొందరగా రాదంట, ఎక్కువసేపు పరిగెట్టగలరంట. ఈమధ్యే కనిపెట్టేరంట," అన్నాడు.

పరుగు సంగతి ముత్యాలుకి తెలీదు. తిండి సంగతి ఆవిడకి ఒకరు చెప్పాలా? కొడుకు ఇంటికి రావడానికి తనూ ఒక చెయ్యి వేసే దారి దొరికింది. ఇక ఆవిడ పట్టిన పట్టు చూడాలి. మూడు రోజులకోసారి బస్సెక్కి కొత్తపేట వెళ్ళి దుంపలు ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరి తెచ్చేది. చెక్కు తీసి, మిక్సీలో వేసి, పాత వాయిలు చీర ముక్కలో పోసి పిండేది. ఆవిడ అరచేతులు ఎప్పుడు చూసినా గోరింటాకు పండినట్టు ఉండేవి. ఎవరైనా నవ్వితే, "మా కోడలు పోలీసవుద్దండి. ఈ దుంపలే చేస్తాయి, చూడండి" అనేది. పరుగుల మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషేనా ఈవిడ అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు.

ఆ రసం మొదటి రోజే శిరీష కడుపులో నిలవలేదు. దానిది తడి మట్టి వాసన. గట్టు మీద అర కిలోమీటరు వెళ్ళేసరికి మొత్తం కక్కేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు "అక్కడే తాగమన్నారండి మాస్టారు" అని సీసాలో పోయించుకుని వెళ్ళి, కాలవలో పారబోసింది. ఇంటికెళ్ళి నిజం చెప్పేద్దామనే అనుకుంది. తీరా వచ్చేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఎన్ని నిమిషాలైంది ఇయ్యాల?" అని అడిగింది. అంతకు ముందు రెండు నెలలుగా ఆవిడ కోడలితో సరిగ్గా మాట్లాడింది లేదు. ఆ ఒక్క పలకరింపు కోసం శిరీష నోరు మూసుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. తొక్కిన అడుసు చల్లగా ఉంటే కాలు తియ్యబుద్ధి కాదని మాత్రం వాళ్ళు చెప్పలేదు.

నలభై రోజులు ఆ రసం కాలవే తాగింది. శిరీష పంతొమ్మిది నిమిషాల నుంచి పదిహేడున్నరకి దిగింది. ఆఖరి వారంలో పదహారుకి అటూ ఇటూగా వచ్చింది. తగ్గిన ప్రతి సెకనూ దుంపల మహిమేనని ముత్యాలు ఊరంతా చెప్పుకుంది.

కాకినాడలో సెలక్షన్లకి అత్తగారు కూడా వెళ్ళింది. శిరీష గీత దాటేసరికి పదహారు నిమిషాల నాలుగు సెకన్లు. బతిమాలితే ఆగడానికి స్టాప్‌వాచీ పల్లెవెలుగు బస్సు కాదు. పేరు కొట్టేశారు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎదుర్లంక వంతెన దాటింది. ముత్యాలు కోడలి చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదేనమ్మా. నిన్న కొత్తపేటలో మంచి దుంపలు దొరకలేదు. పిండితే సగం సీసా కూడా రాలేదు. నువ్వు బెంగెట్టుకుంటావని నీళ్ళు కలిపేసేను. సరిగ్గా ఈ రోజే కలిపేను చూడు, నా బుద్ధి తగలెయ్య! ఏమీ అనుకోకు తల్లీ."

ఓడిపోయినప్పుడు రాని ఏడుపు శిరీషకి అప్పుడొచ్చింది.

"మీ తప్పేం లేదండి అత్తయ్యగారూ. నేను తాగలేదండి."

"ఇయ్యాలా?"

"ఏ రోజూ తాగలేదండి. మొదట రెండ్రోజులు కక్కేసేనండి. తర్వాతదంతా కాలవలో పోసేసేనండి. ఇయ్యాల్టిది మీరు చూడకుండా గ్రౌండు పక్కన పారబోసేనండి."

ముత్యాలు కోడలి చెయ్యి వదిలేసింది. అమలాపురంలో బస్సు మారాక, పక్కన చోటున్నా మూడు సీట్లు ముందుకెళ్ళి కూర్చుంది. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

దీపాలు పెట్టే వేళకి హేమంత్ ఫోన్ చేశాడు. ముత్యాలే తీసింది. నాలుగు సెకన్లు పోయినందుకు అతను ఏమీ అనడు. నలభై రోజులు వాళ్ళమ్మను మోసం చేసిందని తెలిస్తే మాత్రం ఊరుకోడు.

"నాలుగు సెకన్లలో పోయిందిరా," అంది ముత్యాలు. "పిల్లదేం తప్పు లేదు. నేనే రసంలో నీళ్ళు కలిపేను. అవున్రా, నేనే. దాన్నేమీ అనకు. నువ్వు... ఆ సంతకం పెట్టేసుకో నాన్నా."

ఫోను పెట్టేసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఏమే, అంటే పంతొమ్మిది నిమిషాల్నుంచి పదహారు దాకా, చుక్క రసం లేకుండానే వచ్చేవా?"

"ఆయ్."

"అంతా నీ కాళ్ళతోనే?"

శిరీష తలూపింది.

"ఆ మాట ముందే చెప్పొద్దా? దుంపల గొప్ప ఊరంతా చెప్పుకొచ్చేను. నీ గొప్ప ఒక్కరికి కూడా చెప్పలేదు కదే!" అంటూ ముత్యాలు ఏడ్చేసింది.