పైకి చదవాల్సిన బోర్డులు

పిల్లలు తగ్గిపోయారని బడి మూసేశాక, పన్నెండేళ్ళు ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించిన టీచరమ్మ ఆరు నెలలు ఇంట్లో కూర్చుంది. ఏడో నెలలో పెద్ద లారీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. బడి వ్యాను డ్రైవరు మానేసినప్పటినుంచి చివరి రెండేళ్ళూ ఆ వ్యాను తనే నడిపింది. సుద్దముక్క కన్నా స్టీరింగే తన చేతికి బాగా కుదిరిందని అప్పుడే తెలిసింది కానీ, ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

భర్తది గడియారాలు బాగుచేసే పని. దరఖాస్తు సంగతి విని భూతద్దం కంటి మీదనుంచి తీసి ఆమెను ఎగాదిగా చూశాడు.

"గోరంత చక్రాలతో నేను కుస్తీ పడుతుంటే నీకు పద్దెనిమిది చక్రాలు కావలసి వచ్చాయా?" అన్నాడు. ఆ తర్వాత కూతురి జడ ఎలా వెయ్యాలో ఆమె దగ్గరే నేర్చుకున్నాడు.

లైసెన్సు వచ్చింది. కానీ ఒంటరిగా బండి ఇవ్వాలంటే సీనియర్ డ్రైవరు పక్కన ఐదు వారాలు రోడ్డు మీద తిరగాలి, ఆయన శిక్షణ పుస్తకంలో వారం వారం సంతకం పెట్టాలి. అది కంపెనీ నియమం. ఆమెను అప్పగించింది అరవైకి దగ్గర పడిన ఒక డ్రైవరుకి. ఆయన్ని డిపోలో అందరూ నిదానం బాబాయ్ అంటారు. గేటు దాటుతున్నా నిదానం, పెళ్ళికి బయలుదేరుతున్నా నిదానం. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన బండికి ఒక గీత కూడా పడలేదు.

మొదటిరోజు పొద్దున్నే ఆయన చెక్క సుత్తితో ఒక్కో టైరునీ కొట్టుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. ప్రతి దెబ్బకీ తల వంచి విన్నాడు.

"గాలి తగ్గిన టైరు నీరసంగా పలుకుతుంది. విను" అని సుత్తి ఆమె చేతికిచ్చాడు. క్యాబిన్‌లోకి ఎక్కాక ఇంకో మాట చెప్పాడు. "దారిలో కనబడిన ప్రతి బోర్డూ పైకి చదవాలి టీచరమ్మా. కళ్ళతో చదివింది ఇటునుంచి అటు పోతుంది. నోటితో చదివింది నిలుస్తుంది."

ఆ పద్ధతి ఆమెకు నచ్చింది. బడిలో తను చెప్పిన మాటే. అందుకని గొంతెత్తి చదివేది. ముందు ఇరుకు మలుపు. వేగం నలభై. పెట్రోలు బంకు రెండు కిలోమీటర్లు. ఆమె నడుపుతున్నప్పుడూ, ఆయన నడుపుతున్నప్పుడూ చదువుతూనే ఉండేది. ఆయన ఊ కొడుతూ ఉండేవాడు. రాత్రి బండి ఆగినచోట క్యాబిన్‌లోని పడక ఆమెది, డ్రైవర్ల విశ్రాంతి గది ఆయనది. పొద్దున్న ఏడింటికల్లా ఇద్దరూ మళ్ళీ సీట్లలో ఉండేవాళ్ళు.

దిగుడు రోడ్డులో గేరు ముందే తగ్గించుకోవడం, బ్రేకు మీద కాలు నానబెట్టకుండా తొక్కి వదలడం, ఖాళీ బండికీ నిండు బండికీ తేడా నడుముతో పసిగట్టడం అన్నీ ఆమెకు త్వరగానే పట్టుబడ్డాయి. రివర్స్ ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. ట్రైలరు తోక కుడికి పోవాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. అద్దంలో చూసేసరికి అంతా తారుమారయ్యేది.

"నా బుర్ర కూడా రివర్స్‌లో పోతోంది బాబాయ్ గారూ" అందొకసారి, గోదాములో ఆరోసారి తప్పాక.

"పోనీ. వెళ్ళినంత దూరం వెళ్ళి అదే తిరిగొస్తుంది" అన్నాడాయన. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మూడో వారంలో ఆమెకు ఏదో తేడాగా తోచింది. గోదాముల్లో కాగితాలిస్తే ఆయన తిరగేసి ఆమెకే అందించేవాడు. "కళ్ళజోడు పెట్టెలో ఉంది, నువ్వు చదువు" అనేవాడు. ఆ కళ్ళజోడు పెట్టెలోంచి బయటికి రావడం ఆమె ఎన్నడూ చూడలేదు. అలవాటైన రోడ్డు వస్తేనే స్టీరింగు తీసుకునేవాడు. కొత్త దారైతే, "నేర్చుకునేదానివి నువ్వే కదా" అని పక్కకు జరిగేవాడు. వారం సంతకానికి పుస్తకం చాపితే, "అన్నీ ఒక్కసారే పెడతాలే" అని దాటేసేవాడు.

ఆమెకు తన తరగతిలోని ఒక పిల్ల గుర్తొచ్చింది. చివరి బల్ల మీద కూర్చునేది. పాఠం గడగడా ఒప్పజెప్పేది, వేలు మాత్రం వేరే వరుస మీద ఉండేది. బద్ధకమనుకుని ఆమె రెండు నెలలు ఆ పిల్లని కసిరింది. అక్షరాలు ఆ పిల్లకు సరిగ్గా కనబడటం లేదని, పక్కపిల్ల చదివింది విని నేర్చుకుంటోందని ఆ తర్వాత తెలిసింది. ఆ రెండు నెలలూ ఇప్పటికీ ఆమెకు గుచ్చుకుంటూనే ఉంటాయి.

అనుమానం వచ్చినా ఆయన్ని అడగలేదు. పెద్దాయన్ని ఏమని అడగాలి?

నాలుగో వారం మధ్యలో రోడ్డు మరమ్మతులని బండ్లను పక్కదారికి మళ్ళించారు. ఆమె నడపాల్సిన గంటలు అప్పుడే అయిపోయాయి. తప్పక ఆయన స్టీరింగు తీసుకున్నాడు. మధ్యాహ్నం మూడు దాటింది, ఎండ అద్దంలో సూటిగా కొడుతోంది. ఆమె ఒళ్ళో పుస్తకం పెట్టుకుని దిగిన సమయం, నడిపిన దూరం రాస్తోంది. తలెత్తేసరికి ఎదురుగా రైలు వంతెన. దాని నుదుటి మీద ఎర్ర గుండ్రంలో నాలుగు మీటర్లు అని రాసి ఉంది. వాళ్ళ బండి ఎత్తు నాలుగున్నర.

"బాబాయ్ గారూ, ఆపండి."

ఎందుకని అడగకుండా ఆయన ఆపాడు. లోడు కదలకుండా ఆపాడు. వంతెనకూ బండికీ మధ్య నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది.

ఆయన కళ్ళు చిట్లించి పైకి చూశాడు. "బోర్డు పెట్టకపోతే ఎట్లా వీళ్ళు?"

"పెట్టారు. వంతెన మీద ఒకటుంది. దారిలో ఇంకోటి దాటొచ్చాం, అద్దంలో దాని వీపు కనబడుతోంది."

ఆయన స్టీరింగు మీదనుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

చీలిన దారి దగ్గరికి వెనక్కి వెళ్ళాలంటే మూడు వందల మీటర్లు రివర్స్ చెయ్యాలి. ఇద్దరూ సీట్లు మారారు. వెనక ఆగిన పాలవ్యాను డ్రైవరు దిగి మిగతా బండ్లను నిలబెట్టాడు. బాబాయ్ ముందు చక్రం పక్కనే, దాదాపు దాని మీద చెయ్యి వేసి నడిచాడు. అంత దగ్గరైతే చక్రం ఎటు తిరిగిందో ఆయనకు తెలుస్తుంది.

"కొద్దిగా ఎడమ. చాలు. ఇప్పుడు వదిలెయ్యి, అదే సర్దుకుంటుంది. నిదానం."

ఆమె రెండు అద్దాలూ మార్చి మార్చి చూసింది. తోక రెండుసార్లు పక్కకి పోయింది. రెండుసార్లూ ముందుకు లాగి సరిచేసుకుంది. నలభై నిమిషాలు పట్టింది. వీపంతా చెమటతో తడిసిపోయింది. చీలిక దగ్గర బండి నిలబెట్టి దిగింది.

రోడ్డు పక్క నీడలో ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయనకిచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి?" అని అడిగింది.

బొంకడానికి ఆయన ప్రయత్నించలేదు. "కుడికన్ను ఏడాదిన్నర. ఎడమది మొన్నమొన్నటిదాకా పనికొచ్చింది. ఈ రోడ్లన్నీ నాకు కంఠతా వచ్చు టీచరమ్మా."

"వచ్చు. కంఠతా వచ్చిన పాఠంలో ఎవరైనా కొత్త మాట కలిపితే?"

ఆయన టీ తాగలేదు. "ఇంకో ఎనిమిది నెలలు. ఎలాగూ దిగిపోతాను. అందాకా నీ కడుపులో పెట్టుకో." ఆగి, గొంతు మార్చి, "నీ పుస్తకంలో సంతకం పెట్టాల్సింది కూడా నేనే" అన్నాడు.

అన్న మరుక్షణమే ఆయన మొహం చిన్నబోయింది. ఆమె అది చూసి తల తిప్పుకుంది.

"పెట్టకపోయినా ఫర్వాలేదు బాబాయ్ గారూ. ఇంకొకరి దగ్గర మొదటినుంచీ నేర్చుకుంటాను. స్టీరింగు మాత్రం మీ చేతికి మళ్ళీ ఇవ్వను. వంతెన ఉన్నచోట రేపు మనిషి ఉండొచ్చు."

పని గంటలు దాటాయి కాబట్టి ఇక ఆ రోజుకు కదలడం లేదని ఆఫీసుకు ఫోను చేసి చెప్పి, దగ్గర్లోని లారీల ఆవరణ దాకా మాత్రం బండిని మెల్లగా చేర్చింది. దారిలో ప్రతి బోర్డూ పైకి చదివింది. ఆయన ఊ కొట్టలేదు.

మర్నాడు పొద్దున ఆమె క్యాబిన్ దిగేసరికి ఆయన టైర్లన్నీ కొట్టడం ముగించి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రోజూ ఆ వేళకు భార్య ఫోను చేస్తుంది. ఆ రోజు ఆయనే చేశాడు. అంకెలు కనబడక స్పీకరు నొక్కాడో ఏమో, ఆవిడ గొంతు ఆవరణంతా వినబడింది.

"నాకు చూపు సరిగ్గా లేదు" అన్నాడాయన ఉపోద్ఘాతం లేకుండా. "నిన్న కొంచెంలో తప్పింది."

"సూదిలో దారం ఎక్కించమంటే ఏడాదిగా ఎవరో పిలిచారంటూ బయటికి పోతున్నారు. నాకు తెలియదనుకున్నారా?"

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. రోజూ ఫోను చేసింది మీరేం తిన్నారో తెలుసుకోవడానికా? ఉన్నారో లేదో తెలుసుకోవడానికి." ఆవిడ గొంతు సవరించుకుంది. "ఎవరు ఆపారు బండి?"

"టీచరమ్మ చెప్పింది. నేను ఆపాను."

"ఆ అమ్మాయికి ఇవ్వండి ఫోను." ఆమె అందుకోగానే ఆవిడ అంది. "ఆయన్ని ఇంటికి తీసుకురా అమ్మా. కోపంగా ఉంటే పట్టించుకోకు. ఆకలి మీద ఉన్నా అట్లాగే ఉంటారు."

బాబాయ్ నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకుని పక్క సీటు ఎక్కాడు.

తిరుగు ప్రయాణం రెండు రోజులు. ఆమే నడిపింది. ఆయన అన్నాళ్ళూ దాచుకున్నదంతా ఆ రెండు రోజుల్లో చెప్పాడు. ఏ కొండ మీద గాలి పక్కనుంచి కొడుతుంది, వాన వెలిసిన తొలి గంటలో రోడ్డు ఎందుకు జారుతుంది, నిద్ర వచ్చే ముందు మనిషికి వచ్చే మొదటి లక్షణం ఏమిటి. అవన్నీ పుస్తకంలో ఉండవు. ఆమె కొన్ని రాసుకుంది. ఎక్కువ భాగం వింటూ కూర్చుంది.

డిపో చేరాక, "నేనూ లోపలికి రానా?" అని అడిగింది.

"వద్దు. నువ్వొస్తే నువ్వు చెప్పినట్టవుతుంది. నేను చెప్పాలి" అని ఆయన మేనేజరు గదిలోకి ఒక్కడే వెళ్ళాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. చేతిలో బండి తాళం లేదు. ఆమె శిక్షణ పుస్తకం అడిగి తీసుకుని, పేజీ ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు. గీత ఎక్కడుందో తెలియక తడుముకున్నాడు. ఆమె ఆయన వేలు పట్టుకుని గీత మీద ఉంచింది. నాలుగు వారాల సంతకాలూ అక్కడే నిలబడి పెట్టాడు.

ఐదో వారం ఇంకో డ్రైవరు దగ్గర పూర్తయింది. రివర్స్ పరీక్ష మొదటిసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది. బాబాయ్ సంగతులు ఆయన భార్య ఫోనులో చెబుతూ ఉండేది. ఎడమకంటికి ఆపరేషన్ బాగా జరిగింది. కుడికన్ను నరం దెబ్బతింది, ఇక రాదు. పెద్ద బండి లైసెన్సు పోయింది. వారం రోజులు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. డిపోవాళ్ళు ఆవరణలో కొత్తవాళ్ళకు రివర్స్ నేర్పమని అడిగితే, గుర్రం దిగి గాడిదెక్కమంటారా అన్నాడట.

"గాడిదనైనా ఎక్కండి కానీ, పొద్దస్తమానం నా కాళ్ళకు అడ్డం పడకండి అన్నాను" అని ఆవిడ చెప్పింది. "సోమవారం నుంచి వెళ్తున్నారు."

ఆమె మొదటిసారి ఒంటరిగా బండి తీసిన రోజు గురువారం. భర్త, కూతురు గేటు బయట నిలబడ్డారు. కూతురి జడ ఒకపక్కకు ఒరిగి ఉంది. ఆవరణలో ఒక మూల ఆరుగురు కొత్తవాళ్ళ మధ్య బాబాయ్ సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆమె ఆయన్ని చూడటం అదే మొదలు. బండి గేటు దగ్గర వరుసలో ఆగితే ఆయన నడుచుకుంటూ వచ్చి, మెట్టెక్కి కిటికీ అంచు పట్టుకున్నాడు. ఆమె మొహంలోకి పరిశీలనగా చూశాడు.

"నీకు ముందువైపు జుట్టు నెరిసిందే" అన్నాడు.

"నాలుగు వారాలు పక్కనే కూర్చున్నారు కదా బాబాయ్ గారూ."

"కూర్చున్నాను. చూశానా? గొంతు విని చిన్నపిల్లవనుకున్నాను." ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. "బాగుంది మొహం. మా ఆవిడకు చెబుతాను."

గేటు మనిషి అడ్డకర్ర ఎత్తాడు. బాబాయ్ మెట్టు దిగి పక్కకు తప్పుకున్నాడు. ఆమె నవ్వాపుకుంటూ మొదటి గేరు వేసింది.