జగిత్యాలలో కలవని లైన్లు

నర్సింగం సేటు ప్రెస్సులో కంప్యూటర్ దిగిన రోజు జగిత్యాల సగం ఊరు వచ్చి చూసిపోయింది. కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమలు పెట్టారు, మిషన్‌కు పూలదండ కూడా వేశారు. దండ తీసే ధైర్యం ఎవరికీ లేక మూడు రోజులు అది అట్లాగే వాడిపోయింది. నాలుగో రోజు దాన్ని తీసి పక్కన పడేసి కుర్చీలో కూర్చున్నవాడు చంద్రమౌళి. ఆ కూర్చోవడం కూర్చోవడం, ఏడేళ్ళు లేవలేదు.

మనిషి సిరిసిల్ల పద్మశాలి. తండ్రి బాలకిషన్ మగ్గం మీదనే ముసలివాడై మగ్గం పక్కనే పోయాడు. అన్నలిద్దరూ భీవండి మిల్లులకు వలసపోయి అక్కడే స్థిరపడ్డారు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చినా చంద్రమౌళికి పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేరు. ఎత్తినా వినేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి. ప్రెస్సు వెనక గదిలో వండుకుని, తిన్న గిన్నె కడుక్కుని, మళ్ళీ వచ్చి మిషన్ ముందు కూర్చునేవాడు. పండుగ రోజున ఎవరైనా పిలిచి ఇన్ని సకినాలు పెడితే తీసుకునేవాడు, లేకపోతే పండుగ వచ్చిందని కూడా అతనికి తెలిసేది కాదు.

ఇంతకీ ఏం చేసేవాడు? తెలుగు అక్షరాలను కాగితం మీద లైన్లుగా సర్దే ప్రోగ్రాం రాసేవాడు. వినడానికి ఇంతే. ప్రతి అక్షరానికీ ఒక వెడల్పు ఉంటుంది, మాటకూ మాటకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. అన్నీ కూడితే లైను సరిగ్గా కుడి అంచు దగ్గర ఆగాలి. అచ్చు పనివాళ్ళ కొలత పాయింటు, అంగుళంలో డెబ్భై రెండో వంతు. మొదట్లో చంద్రమౌళి ఈ వెడల్పులన్నిటినీ దశాంశాల్లో లెక్కించాడు. ఇన్ని పాయింట్లు, దాని మీద ఇంత చిల్లర, ఆ చిల్లరకు పది అంకెల తోక. ఆ తోకను ఎక్కడ కత్తిరించాలో ఒక్కో కంప్యూటర్ ఒక్కో తీరుగా నిర్ణయించుకుంటుందని అతనికి అప్పటికి తెలియదు.

తెలిసింది ఒక పసుపు పుస్తకం వల్ల. పసుపు సాగు గురించి నలభై ఎనిమిది పేజీల చిన్న పుస్తకాన్ని జగిత్యాలలో కూర్చి, తీరా అచ్చుకు కోరుట్లలో తీస్తే నలభై తొమ్మిది పేజీలైంది. ఆఖరి పేజీలో లైనున్నర. వెతకగా వెతకగా తేలిందేమిటంటే, పదకొండో పేజీలో ఒక మాట జగిత్యాల మిషన్‌లో వెంట్రుకవాసిలో లైనులో ఇమిడింది, కోరుట్ల మిషన్‌లో అదే వెంట్రుకవాసిలో ఇమడక కిందికి దిగింది. అది దిగితే దాని వెనక పేరా దిగింది, పేరా వెనక పేజీలు దిగాయి. నర్సింగం సేటు చాయ్ హోటల్లో కూర్చుని ఈ కథను ఊరందరికీ చెప్పాడు. "జగిత్యాల లైను, కోరుట్ల లైను ఈ జన్మల కలువయి" అనేవాడు. అది ఊళ్ళో ఒక సామెతయి కూర్చుంది.

కోరుట్లలో ఆ రెండో మిషన్ పోశానిది. ఇబ్రహీంపట్నంలో పసుపు చేలల్లో కూలి చేసే లింగవ్వ కొడుకు. వాళ్ళ వంశంలో బడి మెట్లు ఎక్కిన మొదటివాడు, పాలిటెక్నిక్ చదివి బ్యాంకు అప్పుతో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. చంద్రమౌళి చెప్పేది ఈ భూమ్మీద అర్థమయ్యే రెండో మనిషి అతనే. ప్రతి ఆదివారం పదిగంటల బస్సుకు జగిత్యాల వచ్చేవాడు. ఇద్దరూ తమ తమ మిషన్లలో తీసిన ఒకే పేజీని ఒకదానిమీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి అదిమి వెలుతురులో చూసేవాళ్ళు. అక్షరం మీద అక్షరం కూర్చుందా, జరిగిందా? జరిగితే ఇద్దరి మొహాలూ ఇంత చిన్నవయ్యేవి.

దారి చూపింది చనిపోయిన బాలకిషనే అనాలి. మగ్గానికి నిలువు పోగుల పడుగు పోసేటప్పుడు కొడుకు "దగ్గరదగ్గర వెయ్యి పోగులుంటయి" అంటే తండ్రికి ఒళ్ళు మండేది. "పోగుకు సగం ఉంటదారా? ఉంటే ఉన్నది, లేకుంటే లేదు. లెక్కపెట్టు" అనేవాడు. అది గుర్తొచ్చిన రోజు చంద్రమౌళి దశాంశాలన్నిటినీ చెరిపేశాడు. ఒక పాయింటును అరవై అయిదు వేల అయిదు వందల ముప్ఫై ఆరు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్క కంటికి ఆనదు, దుమ్ము రేణువు దాని ముందు కొండ. దానికి పోగు అని పేరు పెట్టుకున్నాడు. అక్షరం వెడల్పు ఇన్ని పోగులు, ఖాళీ ఇన్ని పోగులు. అన్నీ పూర్ణాంకాలే, తోకలు లేవు. ఇటువంటి ఉపాయం దూరదేశాల్లో ఎవరో ముందే పట్టారని ఒక పత్రికలో చదివాడు, అయినా తెలుగు గుణింతాలకూ ఒత్తులకూ దాన్ని కుదర్చాల్సింది తనే కదా. లైనులో ముప్ఫై ఏడు పోగులు మిగిలి, ఎనిమిది ఖాళీలుంటే తలా నాలుగు. మిగిలిన అయిదూ మొదటి అయిదు ఖాళీలకు ఒక్కోటి. ఒక్క పోగు కూడా గాలికి పోకూడదు.

రెండేళ్ళు పట్టింది. చివరికి ఒక ఆదివారం పోశం తెచ్చిన నలభై ఎనిమిది పేజీలూ, చంద్రమౌళి తీసిన నలభై ఎనిమిది పేజీలూ కిటికీ అద్దం మీద ఒకటే పేజీ అయిపోయాయి. పోశం పేజీలన్నీ తిరిగి దొంతి పెట్టాడు. తర్వాత "ఇగ ఏ మిషన్ల పెట్టినా గిదే వస్తది మౌళీ. ఎప్పుడు పెట్టినా గిదే వస్తది" అన్నాడు. ఆ మాట చెప్పుకోవడానికి వాళ్ళిద్దరికీ ఇంకెవరూ లేరు. సేటుకు చెప్తే "మంచిది, పెండ్లి కార్డులు అయినయా?" అన్నాడు.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, దినాలు. ప్రెస్సువాడికి రెండు దిక్కులా భయమే. కరపత్రం వేస్తే పోలీసులతో తంటా, వెయ్యనంటే అన్నలతో తంటా. ఆ ఏడు వెల్గటూర్ దిక్కు పల్లెల్లో ఒక కరపత్రం గోడగోడకూ అంటుకుంది. రెండోరోజు పొద్దున్నే ఎస్సై జీపు ప్రెస్సు ముందు ఆగింది.

"గీ అక్షరం మీదే గదా?" అని కాగితం బల్ల మీద పెట్టాడు.

చంద్రమౌళి చూశాడు. అక్షరం తనదే. అతని చూపు ఆగింది అక్షరాల మీద కాదు, లైన్ల మీద. నలభై ఒక్క లైన్లు, కుడి అంచు దగ్గర ఎక్కడా వెంట్రుకవాసి ఖాళీ లేదు, మిగులు లేదు. కొత్త ప్రోగ్రాంతో కూర్చిన పని. అది ఇద్దరి దగ్గరే ఉంది. తను చేయలేదు. అంటే పోశం చేశాడు. ఆదివారం ఆదివారం పక్కన కూర్చుని చాయ్ తాగిన మనిషి ఇంత పని చేసి తనకు చెప్పలేదా అని అతనికి ముందు కోపం వచ్చింది, ఆ వెనకే భయం వచ్చింది.

"అక్షరం కోరుట్లల గూడ గిదే ఉన్నది సార్" అన్నాడు నర్సింగం సేటు, తన మెడ తప్పించుకోవాలని. "కని వాళ్ళ లైను, మా లైను కలువయి. పసుపు పుస్తకం అప్పుడు జూసినం."

ఎస్సై తెలివైనవాడు. ఆ మాటను టక్కున అందుకున్నాడు. "అయితే గిదే మ్యాటర్ నువ్వు కొట్టు, కోరుట్లల ఆయన కొడ్తడు. ఎవని లైన్లు దీనితోటి కలుస్తయో వాడే."

కలుస్తాయి. ఇక్కడా కలుస్తాయి, అక్కడా కలుస్తాయి. కలిసేటట్టు చేయడానికే రెండేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నాడు. ఆ సంగతి చెబితే ఇద్దరినీ జీపు ఎక్కిస్తారు. చెప్పకుండా కొత్త ప్రోగ్రాం నడిపితే తను ఎక్కాలి. కానీ పాత ప్రోగ్రాం ఇంకా డిస్కులోనే ఉంది, దశాంశాల తోకలతో సహా. పోశం దగ్గర కూడా ఉంది. పోశానికి తెలివి లేదా, వాడూ పాతదే నడుపుతాడు, రెండుచోట్లా కలవవు, ఇద్దరమూ బయటపడతాం. చంద్రమౌళి ఇట్లా తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే, వేళ్ళు ఆ నచ్చజెప్పడానికి ముందే పాత ప్రోగ్రాం పేరు కొట్టేశాయి.

ఏడో లైను దగ్గర ఒక మాట కిందికి దిగింది. అక్కడినుంచి అన్నీ తప్పాయి. ఎస్సై రెండు కాగితాలూ పోల్చి చూసి, తల ఊపి, జీపు ఎక్కి కోరుట్ల దిక్కు పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం లింగవ్వ వచ్చింది. చెప్పులు లేవు, కొంగు నిండా దుమ్ము.

"మౌళి కొడుకా, మా పోశాన్ని తీస్కపోయిండ్రు" అంది. "వాడు ఏం దాపెట్టలే. మిషన్ మీద కొట్టి సూపిచ్చిండు. గది కలిసింది. కలిసినందుకు వాడు భయపడనన్న లేదు కొడుకా, నవ్విండు. సార్, జగిత్యాలకు పోయి సూడుండ్రి, గాడ గూడ గిదే వస్తది, ఏ మిషన్ల పెట్టినా గిదే వస్తది, లైన్లు జూసి మనిషిని పట్టరాదు అన్నడు. గా సారు నవ్విండు. జగిత్యాలకెంచే వస్తున్నం, గాడ రాలేదు అన్నడు. మావోని మొకం అప్పుడు తెల్లవడ్డది."

చంద్రమౌళి ఆమెను కూర్చోమని కూడా అనలేకపోయాడు. పోశం పాతది నడపలేదు. తప్పు చేసినవాడైతే నడిపేవాడు. చేయనివాడు కాబట్టి ఉన్నదున్నట్టు నడిపాడు. చంద్రమౌళి లెక్క మీద అంత నమ్మకం అతనికి. ఇద్దరివీ కలిస్తే ఎవరినీ పట్టలేరని అతని ధైర్యం. ఆ ధైర్యం కింది పీట లాగేసింది తను.

ఆ సాయంత్రమే కొత్త ప్రోగ్రాంతో కరపత్రం తీసి, నలభై ఒక్క లైన్లూ కలిసిన కాగితం పట్టుకుని బస్సెక్కి కోరుట్ల స్టేషన్‌కు పోయాడు.

"నిన్న పాతది నడిపిన సార్. భయమైంది. అసలుది గిది. మా దగ్గర గూడ కలుస్తది."

ఎస్సై కాగితం వైపు సరిగా చూడనైనా లేదు. "నిన్న కలువలే, ఇయ్యాల కలిసింది. దోస్తు కోసం లైన్లు చేతితోటి సర్దుకొని వచ్చినవ్."

"వచ్చి మీ కండ్ల ముందట చూడుండ్రి సార్. ఎన్నిసార్లు కొట్టినా గిదే వస్తది."

"వచ్చి చూస్త. నిజంగనే కలిస్తే నిన్ను గూడ లోపలెయ్యాలె. వెయ్యాల్నా?" అని ఎస్సై మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూశాడు. "చెప్పు, జీపు తియ్యమంటవా?"

అప్పుడు ఒక్క మాట అంటే సరిపోయేది. తియ్యండి అంటే చాలు. చంద్రమౌళి నోరు తెరిచాడు. గోడ అవతల ఎక్కడో ఎవరో దగ్గారు. పోశమో, ఇంకెవరో. చేతిలోని కాగితాన్ని మడిచాడు, ఇంకోసారి మడిచాడు, జేబులో పెట్టుకుని ఆఖరి బస్సు ఉందో లేదో చూడటానికి బయటికి నడిచాడు. ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత ఆదివారాలు అట్లా వచ్చి అట్లా పోయాయి. పది గంటలకు మిషన్ దగ్గర కూర్చునేవాడు, పని సాగేది కాదు. సేటు ఎప్పటిలాగే చాయ్ హోటల్లో కథలు చెప్పేవాడు, చంద్రమౌళి అటువైపు పోవడం మానేశాడు. మాట్లాడటానికి మనిషి లేక అతని గొంతు అతనికే కొత్తయింది. ఒకరోజు కూరగాయలామె "ఎంత గావాలె?" అంటే జవాబు చెప్పబోయి దగ్గాల్సి వచ్చింది.

డెబ్భై ఒక్క రోజులకు పోశానికి బెయిలు దొరికింది. ఆ మర్నాడే ప్రెస్సుకు వచ్చాడు. సగం మనిషయ్యాడు. ఎడమచేతి వేళ్ళు సరిగా ముడుచుకోవడం లేదు, వాటిని ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు. చంద్రమౌళి కాళ్ళ మీద పడదామనుకున్నాడు. పోశం ఆ అవకాశం ఇవ్వలేదు.

"మౌళీ, తప్పు ఏడ వచ్చింది?" అన్నాడు.

"ఏం తప్పు?"

"గదే, నీ మిషన్ల ఎందుకు కలువలే? లోపల గదే సోంచాయించిన. ఏడో లైనుల తప్పిందన్నరు. ఏడో లైనుల తొమ్మిది ఖాళీలు. మిగిలిన పోగులు మొదటియాటికి ఇస్తున్నవా, చివరియాటికి ఇచ్చినవా? లేకుంటే పెద్ద గుణకారంల పైఅంకె మిషన్ల పట్టక పొర్లిపోయిందా? గోడమీద గోరుతోటి లెక్క చేసిన. ఎంత చేసినా నాకైతే సరిగనే వస్తున్నది."

డెబ్భై ఒక్క రోజులు ఈ మనిషి తన మీద ఒక్క అనుమానం కూడా పడలేదు. అనుమానమంతా అంకెల మీదనే పెట్టుకున్నాడు. అవును, పైఅంకె పొర్లింది, సరిచేసిన అని ఒక్క మాట అంటే చాలు. పోశం నమ్ముతాడు. వచ్చే ఆదివారం వస్తాడు, ఆ పై ఆదివారమూ వస్తాడు. ఇన్ని రోజుల ఒంటరితనం ఆ ఒక్క మాటతో తీరుతుంది. ఆ మాట చంద్రమౌళి నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది కూడా.

"తప్పు లెక్కల లేదు పోశం" అన్నాడు. "నేను పాతది నడిపిన. తెలిసే నడిపిన. నువ్వు చేసినవనుకున్న. నేను బయటవడాలె అనుకున్న. తర్వాత స్టేషన్‌కు గూడ వచ్చిన. నన్ను లోపలెయ్యాల్నా అంటే నోరు లేవలే."

పోశం కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎదురు హోటల్ నుంచి రెండు చాయ్‌లు వచ్చాయి. ఇద్దరూ ముట్టలేదు.

"నేను జెయ్యలే మౌళీ" అన్నాడు. "సిరిసిల్లల ఒకాయన అడిగితే ప్రోగ్రాం కాపీ ఇచ్చిన. నీకు చెప్పకుంట ఇచ్చుడు నాదే తప్పు. పేరు వాళ్ళకు చెప్పలే, నీకు గూడ చెప్ప." మళ్ళీ అడిగాడు. "అయితే లెక్కల తప్పు లేదు?"

"లేదు."

"ఒక్క పోగు గూడ?"

"ఒక్క పోగు గూడ లేదు."

పోశం మొహం మీది బరువు దిగినట్టయింది. "మంచిగైంది. నా ఫ్లాపీ స్టేషన్ల పోయింది. ఇంకోటి చేసియ్యి. పని మొదలువెట్టాలె."

చంద్రమౌళి ఫ్లాపీ పెట్టాడు. కాపీ అవుతున్నంతసేపూ మిషన్ గరగరమంటూనే ఉంది, మనుషులిద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. అయిపోయాక పోశం దాన్ని కుడిచేత్తో తీసుకుని చొక్కా జేబులో వేసుకుని లేచాడు. ఇన్నేళ్ళుగా ఆ గడప దగ్గర ఆగి "పోయొస్త మౌళీ" అనే మనిషి ఆ రోజు ఆగలేదు.

"పోతున్న" అని మెట్లు దిగాడు.