రొయ్య తలలు తిన్న పండుగప్ప

సబ్బవరం దాటాక జీడితోటల పక్కన ఉన్న అద్దె షెడ్డులో ఈశ్వరి పనిచేసే ల్యాబు నడుస్తోంది. అక్కడ చేపల్ని పెంచరు, చేప మాంసాన్ని పెంచుతారు. బతికున్న పండుగప్ప చేప కండలోంచి చిటికెడు ముక్క తీసి, అందులోని కణాలకు సరైన మేత అందిస్తే అవి ఒకటి రెండై, రెండు నాలుగై ముద్దకడతాయి. చేప మాత్రం తొట్టెలో ఈదుతూనే ఉంటుంది.

కానీ ఆ మేతలో కలిపే సీరం అనే పోషక ద్రవాన్ని తల్లి కడుపులోని దూడ రక్తం నుంచి తీస్తారు. చేపను చంపడం లేదని చెప్పుకుంటూ లోకం చూడని దూడ రక్తం పోయడమేమిటని ఈశ్వరి మనసు చివుక్కుమనేది. ల్యాబు పెట్టిన దేవీప్రసాద్‌కీ ఆ బాధ ఉంది. ఈ వేసవిలోగా వేరే మేత దొరక్కపోతే షెడ్డు మూసేసి ఎవరి దారి వాళ్లం చూసుకుందామని ఆయన అందరినీ కూర్చోబెట్టి చెప్పేశాడు.

ఈశ్వరిది భీమిలి. తండ్రి గంగరాజు ఇప్పటికీ మోటారు తెప్ప మీద వేటకు వెళ్తాడు. మేనత్త పోతమ్మ రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తుంచే పని చేస్తుంది. ఎగుమతికి వెళ్లేది రొయ్య ఒళ్లే, తలలు చెత్తబండిలోకి పోతాయి. ఆ తలల్లో మాంసకృత్తులు దండిగా ఉంటాయని ఈశ్వరికి తెలుసు. వాటిని మెత్తగా రుబ్బి, ఎంజైమ్‌తో కరిగించి, వడగట్టి, తవుడు నూనె తీశాక మిల్లులో మిగిలిపోయే పిప్పి సారంతో కలిపితే కణాలకు తిండి ఎందుకు కాదని ఆమె పట్టుపట్టింది.

మొదటిసారి పోస్తే కణాలన్నీ చచ్చిపోయాయి. పాళ్లు మార్చింది, ఉప్పు తగ్గించింది. మళ్లీ చచ్చాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన సలహాదారు ఒకాయన మైక్రోస్కోపులో చూసి, చెత్త నుంచి చెత్తే వస్తుందమ్మా అని నవ్వి వెళ్లిపోయాడు.

ఇంట్లోనూ ఊరట లేదు. ఒక సాయంత్రం వల బాగుచేసుకుంటూ గంగరాజు తల ఎత్తకుండానే అన్నాడు: "సముద్రంలో సేపలు తగ్గిపోయి మేం సత్తంటే, నువ్వు షెడ్డులో సేప సేత్తన్నావ్. రేపు జనం అదే తింటే మా వల ఎవుడిక్కావాలే?" ఆ తర్వాత ఇంట్లో ఆమె పని ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆమె పట్టు మాత్రం సడలలేదు. పాడైన మేత సీసా మూత తీసి వాసన చూసింది. మురుగు వాసన. తలలు ల్యాబుకు చేరేసరికే నల్లబడుతున్నాయని గుర్తొచ్చి, మర్నాడు అత్తతో పాటు ఫ్యాక్టరీకి వెళ్లింది. తుంచిన తలలు తొట్లలో పడి, బండి వచ్చేదాకా ఎండలో ఉడుకుతున్నాయి. రొయ్య తలలో తిండిని అరిగించే రసాలుంటాయి. ప్రాణం పోయాక, మంచు లేకపోతే, అవి తలనే అరిగించేస్తాయి. కణాలను చంపింది రొయ్య కాదు, ఎండ.

ఈశ్వరి తలలు పడే చోటే మంచు తొట్టె పెట్టించమని ఫ్యాక్టరీ మేనేజరు అనూరాధను అడిగింది. చెత్త కోసం మంచు ఎవరు పోస్తారని అనూరాధ మొదట ఒప్పుకోలేదు. ఈశ్వరి పొద్దుట తుంచి ఎండలో ఉన్న తలనూ అప్పుడే తుంచిన తలనూ ఆమె అరచేతుల్లో పెట్టి చూడమంది. అనూరాధ రెండూ చూసి, ముక్కు మూసుకుని, మంచు తెప్పించింది.

ఆ తలలతో చేసిన మేత లేత తేనె రంగులో దిగింది. మర్నాడు ఈశ్వరి భయంభయంగా మైక్రోస్కోపు మీదికి వంగింది. కణాలు గిన్నె అడుగును పట్టుకుని కాళ్లు చాచినట్టు సాగి ఉన్నాయి. మరో రెండు రోజులకు ఖాళీ కనబడనంతగా నిండిపోయాయి. సీరం చుక్క పడలేదు. దేవీప్రసాద్ ఎంతసేపటికీ కంటి గొట్టం వదల్లేదు. వదిలాక కళ్లు తుడుచుకున్నాడు.

సంగతి విని పోతమ్మ తనతో పనిచేసే ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. కన్ను ఆనించి చాలాసేపు చూసి, "ఓలమ్మ! మనం పారేసిన తలకాయలు తినీసి ఇలాగైపోనాయేటి?" అంది. అందరూ వరసగా చూశారు. తామూ ఇందులో ఉన్నామన్న సంబరం వాళ్ల మాటల్లో షెడ్డంతా మోగింది.

అలా పెరిగిన కణాల పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి అరచేతి మందాన ముక్క చేసేసరికి, చేపలు గుడ్లు పెట్టే కాలానికి సర్కారు ఏటా పెట్టే వేట నిషేధం వచ్చింది. తెప్పలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. అమ్మకానికి అనుమతి ఇంకా రాలేదు గనక పరీక్షలన్నీ అయ్యాక ల్యాబులో వాళ్లే రుచి చూడాలనుకున్నారు. ఈశ్వరి తండ్రిని కూడా పిలిచింది. వస్తాడనుకోలేదు. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని బస్సు దిగాడు.

ఉప్పు, కారం, పసుపు రాసి పెనం మీద ఆమే వేయించింది. గంగరాజు ముక్కను వేళ్లతో విడదీశాడు. పొరలు పొరలుగా విడింది. వాసన చూసి నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలాడు. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషి, చేప విషయంలో మొహమాటపడడు.

"ముల్లు నేదు. కొవ్వు కొంచెం తక్కువ," అన్నాడు గంగరాజు. ఇంకో ముక్క తీసుకున్నాడు. "కానీ ఇది పండుగప్పే. ఏట నేని రోజుల్లో ఇంత తాజా సేప నానెప్పుడూ తిన్నేదు."

ఈశ్వరి పెనం మీద నుంచి మరో ముక్క తీసి ఆయన ముందు పెట్టింది.

"నా వల మానేత్తాననుకోకు," అన్నాడాయన, కూతురి తల మీద చెయ్యి వేసి. "సేపలు పిల్లలు పెట్టే రోజుల్లో సముద్రాన్ని వొగ్గీడానికి ఇది పనికొత్తాదంటే మాత్రం, నువ్వూ ఆపకు, గుంటా."

తర్వాత ఆయన గుమ్మం దగ్గరికి నడిచి, జేబులోంచి ఫోను తీసి కోటికి చేశాడు. కోటి ఆయనతో ఒకే తెప్ప మీద వేటాడే మనిషి. అవతల ఎత్తగానే షెడ్డులో అందరికీ వినబడేంత గట్టిగా చెప్పాడు:

"బావా, ఎక్కడున్నావ్? బస్సెక్కి సబ్బవరం ఒచ్చీ. మా గుంట సేపని పండించింది."