ఎడమ పక్క అంచు

ఇంత సన్నటి అక్షరాలు పెట్టి ఈ కంపెనీలవాళ్ళు ఎవరిని ఉద్ధరిద్దామని, కొత్త లాప్‌టాప్ తెర మీద బూడిదరంగు చీమలబారు తప్ప అతనికేమీ కనపడలేదు, కనపడకపోతేనేం, వేళ్ళకు తెలుసు, పదకొండేళ్ళుగా పోగేసుకున్న సెట్టింగుల ఫైళ్ళన్నీ ఒక్కచోటే భద్రంగా ఉన్నాయి, నల్లటి టెర్మినల్లో ఒక్క కమాండు కొడితే ఇందులోకి దిగిపోతాయి, అక్షరాల సైజు, రంగులు, షార్ట్‌కట్లు, ఏ మిషన్ ముందు కూర్చున్నా తన ఇల్లు తన వెంటే, కొట్టాడు, చీమలు రెండు వరసలు ఎక్కువయ్యాయి, ఏదో ఎర్రర్, కళ్ళు చికిలించాడు, ముక్కు తెరకు ఆనించాడు, మూడున్నరకు పాపను బడి నుంచి తీసుకురావాలి, ఇప్పటికే రెండున్నర, కారు తాళాలు జేబులో గుచ్చుకుంటున్నాయి, నిన్న కూడా ఇదే వేళకు, వద్దు, నిన్నటి సంగతి వద్దు.

నిన్న ఏమైందని, ఏమీ కాలేదు, సైకిలాయన పడనన్నా పడలేదు, కారు అద్దం మోచేతికి తగిలింది అంతే, ఆగి నోరారా తిట్టి పోయాడు, ఎడమ పక్క నుంచి ఊడిపడ్డాడు మహానుభావుడు, ఊడిపడ్డమేంటి నాన్నా, వెనక సీట్లోంచి పాప, చాలాసేపట్నుంచీ మన పక్కనే వస్తున్నాడుగా, నువ్వు చూళ్ళేదా, చూశాన్లేమ్మా, తొమ్మిదేళ్ళ పిల్లకు అబద్ధం చెప్పడం ఎంత సులువు, అమ్మకు చెప్పకు, ఊరికే కంగారు పడుతుంది, సరేనంది పాప, కానీ ఇల్లు చేరేదాకా సీటు బెల్టును రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

ఏంటి గురూ, తెరను ముద్దెట్టుకుంటున్నావ్, పక్క సీటాయన కుర్చీ జరుపుకుంటూ వచ్చాడు, పెద్ద పెద్ద అక్షరాల అతని పాత తెరకు గోడపోస్టరు అని పేరు పెట్టింది ఈయనే, కాస్త చదివి పెట్టు, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా, ఓస్ ఇంతేనా, నీ పాత సెట్టింగుకూ కొత్తదానికీ పొసగట్లేదంట, ఏది ఉంచమంటావని అడుగుతోంది, ఆగు, పాతవన్నీ తీస్తా, మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చారో ఒక ముక్క రాసి తేదీతో సహా దాచుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్ళ అలవాటు, ఆయన నవ్వుతూ, కొత్తవి ముందు పాతవి తర్వాత, పైకే చదవసాగాడు, అక్షరం సైజు ఇరవై నాలుగు చేశాను, ఊరికే, ఊరికే ఏంటయ్యా బాబూ, అన్నీ కుడిపక్కకు జరిపాను, చూపుకు హాయి, ఎడమ పట్టీ తీసేశాను, అనవసరం, కర్సర్ లావు చేశాను, ఎరుపు వేశాను, అక్షరం పద్దెనిమిది, కిటికీ వెలుగు, అక్షరం పద్నాలుగు, మానిటర్ దూరంగా ఉంది, ఇదిగో దాని కింద ఇంకోటి, మూడేళ్ళ కిందటిది, ఎడమ పక్క అంచు కనపడట్లేదు, డాక్టర్ సంగతి తర్వాత చూద్దాం. ఆ తర్వాత ఆయన నవ్వలేదు.

ఎవరు రాశారది, ఇంకెవరు, తనే, తన వేళ్ళతోనే, అప్పటికి పాప ఒకటో తరగతి, మూడేళ్ళు, రోజుకు రెండుసార్లు, వెనక సీట్లో ఆ పిల్ల, ముందు సీట్లో తను, తెలియదని ఎవరికి చెబుతావు, తెలుసు, రాసుకున్నావు, తేదీ వేసి దాచుకున్నావు, మళ్ళీ తాళాలు తీసుకుని బయల్దేరావు, సిగ్గులేని మనిషీ, కిటికీ అన్నావు, మానిటర్ అన్నావు, తెరనైతే కుడికి జరుపుకున్నావు, రోడ్డును ఎవరు జరుపుతారు, నిన్న సైకిలు ఒక్క జానెడు ఇటు వచ్చి ఉంటే, లాప్‌టాప్ మూసేశాడు, ఏంటి గురూ, ఒంట్లో బాగాలేదా, పక్క సీటాయన చెయ్యి భుజం మీద పడింది, ఎడమ భుజం, ఆ చెయ్యి రావడం కూడా అతనికి కనపడలేదు.

ఫోన్ తీశాడు, భార్య ఎత్తింది, ఈ వేళప్పుడేంటి, పాపను నువ్వెళ్ళి తీసుకురా, ఆటోలో వెళ్ళు, ఎందుకు, పనెక్కువ ఉందా, పనేం లేదు, నాకు కళ్ళు సరిగ్గా కనపడట్లేదు, అయ్యో, ఎప్పట్నుంచి, పొద్దుట్నుంచి అనబోయాడు, మాట నాలుక దాకా వచ్చింది, పక్క సీటాయన తలవంచుకుని వింటున్నాడు, మూడేళ్ళ నుంచి, అన్నాడు, నాకు తెలుసు, తెలిసే దాన్ని కార్లో తిప్పాను.