పరీక్ష మంచం మీద ఐలయ్య

దుప్పటి మూలను పరుపు కింద మడిచి దోపి, ఐలయ్య ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఎక్కడా ముడత లేదు. కాసేపట్లో తానే ఎక్కి పడుకోబోయే మంచం అది. తన పడకను ఇంత ముచ్చటగా పరుచుకునే నౌకరు మెదక్ మొత్తం మీద ఇంకొకడున్నాడేమో చూపించండి!

ఆ నర్సింగ్ స్కూల్లో ఐలయ్య పేరుకు అటెండరు. చేసేది మాత్రం రోగి ఉద్యోగం. రోగికి బదులుండే రబ్బరు బొమ్మకు చెయ్యి ఊడిపోయిన ఏడాది, అప్పటి మేడం "జర నువ్వు పండుకో ఐలయ్యా, పిల్లలు నేర్చుకుంటరు" అంది. పడుకున్నాడు. కొత్త బొమ్మ ఇవాళ్టికీ రాలేదు. టేక్మాల్ పిల్లలు, ఎల్దుర్తి పిల్లలు, చర్చి వెనక వీధి పిల్లలు ఎంతమందో అతని తలకు కట్లు కట్టారు, నోట్లో థర్మామీటర్ పెట్టారు, అటూ ఇటూ దొర్లించి ఒళ్లు తుడిచారు. భార్య రామమ్మ పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. బస్టాండులో ఏ నర్సమ్మో ఎదురై "తాతా, నీ తలకు కట్టు కట్టి పాసైన" అంటే, ఆ పూట అతనికి ఆకలి వేసేది కాదు.

కళ్లు మూసుకుంటే చాలు, ఆ మంచం మెల్లగా నేల విడిచేది. పైన ఫ్యాను, దూరంగా చర్చి గంట, మణికట్టు మీద ఎవరివో చల్లని వేళ్లు. అలా తేలుతూ తేలుతూ సొంతూరు కుల్చారం దాకా పోయి, వరిమళ్ల మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు.

ఇక అతని బీపీ సంగతి. ఆ మొదటి ఏడాది ఎవరో చూస్తే నూట ఇరవై బై ఎనభై వచ్చింది. ఆ మాట సీనియర్లు జూనియర్ల చెవిన వేశారు, వాళ్లు తర్వాతివాళ్ల చెవిన. స్టెతస్కోపులో చప్పుడు వినబడ్డా వినబడకున్నా "వన్ ట్వంటీ బై ఎయిటీ మేడం" అని ఠక్కున అనేయడమే, పాసైపోవడమే. ఇప్పుడు పరీక్ష పెట్టే చంద్రిక మేడంకు కూడా ఆ అంకే అలవాటు. వినీల అనే ఒక్క పిల్ల మాత్రం పోయినసారి నూట డెబ్బై అంది. ఫెయిలైంది.

ఇవాళ ఆమెకు మళ్లీ పరీక్ష. పాసైతేనే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. అది లేకుంటే ఏ దవాఖానలోనూ సూది ముట్టనివ్వరు. ఒక్క నర్సు వార్డంతా కాళ్లరిగేలా తిరిగే దవాఖానలు ఎన్నో ఉండగా, పని నేర్చిన పిల్ల ఇంట్లో కూర్చోవడమేమిటి? ఐలయ్యకు కడుపు మండేది.

పొద్దున్నుంచి తల దిమ్ముగా, మెడ వెనక బరువుగా ఉంది. ఎండ అనుకున్నాడు. వరండాలో వినీల కనబడితే దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు.

"బిడ్డా, పోయినసారి జేసినట్టు చెయ్యకు. అందరనేదే నువ్వు గూడ అను. పాసైతవు."

"నాకు గట్ల ఇనిపిస్తలేదు తాతా. ఇననిది ఎట్ల చెప్పాలె?"

"మస్తు మొండిదానివి! పాసైనంక ఎట్లన్న ఇను."

ఆమె స్టెతస్కోపు మెడలో వేసుకుని లోపలికి నడిచింది.

లోపల ఐలయ్య మంచమెక్కాడు. వినీల అతని చొక్కా చెయ్యి పైకి మడిచింది. దండచేతి మీద పెళ్లినాటి వెండి కడియం. అందరూ దాన్ని పక్కకు నెట్టి బీపీ పట్టీ చుట్టేసేవాళ్లు. ఆమె "ఇది తీస్తున్న తాతా" అని మెల్లగా జార్చి ట్రేలో పెట్టింది. పట్టీ బిగిసింది, వదిలింది. ఐలయ్య కళ్లు మూసుకున్నాడు. అను తల్లీ, ఆ ఒక్క మాట అనెయ్యి.

"వన్ నైంటీ బై వన్ టెన్ మేడం."

"మళ్లీ అదే పాటా, వినీలా?" అంది చంద్రిక మేడం.

అయ్యో, చేజేతులా చేసుకుందే! "భయపడ్డది మేడం, నేను మంచిగున్న" అనబోయాడు ఐలయ్య. నాలుక మొద్దుబారింది. మాట ముద్దగా వచ్చింది.

మేడం అతని మొహం వంక చూసి, స్టెతస్కోపు లాక్కుని తానే విన్నది. మళ్లీ పట్టీ బిగించి విన్నది.

"ఆంబులెన్స్ పిలవండి! వినీలా, నువ్వు చెప్పిందే నిజం. ఇన్నేళ్లూ మేమెవరం వినలేదు."

"పాసేనా... మేడం?"

"పాసే. నువ్వు మాట్లాడకు ఐలయ్యా."

అతని నోరు ఒకవైపే నవ్వింది. వినీల అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టింది, తల కింద చెయ్యి ఆనించింది. అతని మీద నేర్చుకున్నదే అదంతా. మంచం నేల విడిచింది. ఈసారి నాలుగు మంచంకోళ్ల దగ్గరా పిల్లలే, ఎప్పటెప్పటి పిల్లలో, పట్టుకుని మోస్తున్నారు. కింద వరి పచ్చగా ఊగుతోంది. బరువంతా దిగిపోయి హాయిగా ఉంది అతనికి.

అతన్ని ఎక్కించుకున్న ఆంబులెన్స్ చర్చి గేటు దాటేలోగానే ఐలయ్య పోయాడు. నాడి పట్టుకుని కూర్చున్న వినీలకే ముందుగా తెలిసింది. ఆమె ఆ చెయ్యి వదలకుండా, సొంత తాత పోయినట్టు గొల్లున ఏడ్చింది.

స్కూల్లో ఖాళీ మంచం పక్కన, స్టీలు ట్రేలో, దూది ఉండల నడుమ వెండి కడియం ఉంది, లోపలివైపు అరిగి నున్నబడి.